పికప్పు ట్రక్కు వణుకు: ఒక కీలు కథ

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి పికప్పు ట్రక్కు అంటే ఏమిటో చెప్పడం తాతకి దగ్గులు నేర్పడమే. టెక్సస్ లోనో ఓక్లహోమా లోనో ఉన్నవాళ్ళకి మరీను. ఫోర్డ్ ఎఫ్ వరస ట్రక్కులు 1977 నుంచీ ఏళ్ళ తరబడి ఈ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయిన ట్రక్కులు. మొదట్లో "మనకెందుకు ఆ లారీ?" అన్న వాళ్ళే ఇంటి వెనక నాలుగెకరాలు కొనుక్కున్నాక ఆ లారీ ఎక్కుతున్నారు. అందుకని ఆ బండి గొప్పల జోలికి పోను. దానికి వచ్చే ఒక జబ్బు గురించీ, ఆ జబ్బుకి ఉన్న మూడున్నర శతాబ్దాల చరిత్ర గురించీ చెప్తాను.

జబ్బు పేరు వణుకు. బండి అరవై మైళ్ళ వేగం అందుకోగానే సీటు కింద జివ్వుమంటుంది. డెబ్భైకి వెళితే తగ్గుతుంది. లేదా సిగ్నలు దగ్గర ఆగి కదిలేటప్పుడు చలిజ్వరం వచ్చినట్టు నాలుగు కుదుపులు కుదిపి, ముప్ఫై దాటగానే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. ఈ మాట ఎవరికి చెప్పినా "టైర్లు బేలన్సు చేయించు" అంటారు. చాలాసార్లు ఆ సలహా సరైనదే. కాని టైర్లు మూడుసార్లు బేలన్సు చేయించినా, కొత్త టైర్లు వేయించినా తగ్గని వణుకు ఒకటి ఉంది. డబ్బు పోతుంది, వణుకు మిగులుతుంది. దాని మూలం టైర్లలో లేదు, బండి కడుపు కింద తిరిగే ఒక గొట్టంలో ఉంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ గొట్టానికి రెండు చివర్లా ఉన్న కీళ్ళలో ఉంది. ఆ కీలుకి లెక్క కట్టినవాడు ట్రక్కు కోసం కట్టలేదు, సూర్యుడి కోసం కట్టాడు.

ముందు ఆ గొట్టం ఎందుకో చూద్దాం. ఇంజనూ, దాని వెనక గేర్ల పెట్టే ముందు భాగంలో చట్రానికి బిగించి ఉంటాయి. చక్రాల్ని తిప్పే ఇరుసు వెనకాల పట్టీల స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. రోడ్డు మీద ప్రతి గతుక్కీ ఆ ఇరుసు పైకీ కిందకీ ఎగురుతుంది. కదలని గేర్ల పెట్టె నుంచి ఎగిరే ఇరుసుకి శక్తిని అందించాలంటే తిన్నని కడ్డీ పనికిరాదు, విరిగిపోతుంది. తిరుగుతూనే వంగగలిగే కీలు కావాలి. రెండు పంగల కర్రల్ని ఎదురెదురుగా పెట్టి, మధ్యలో కూడిక గుర్తులాంటి ఇనప ముక్కని ఇరికించినట్టు ఊహించుకోండి. అదే కీలు. మన వైపు లారీ మెకానిక్కులు ఈ గొట్టాన్ని ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు, ఆ కూడిక గుర్తుని క్రాసు అంటారు. ఇక్కడివాళ్ళకి అది డ్రైవ్ షాఫ్టు, కీలు యూ-జాయింటు. యూరప్‌లో చాలాచోట్ల దాన్ని కార్డాన్ అంటారు.

ఆ కార్డాన్ అన్న పేరు 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు జెరోలామో కార్డానోది. ఆయన వైద్యుడు, గణితవేత్త, జూదరి, జాతకాలు చెప్పేవాడు. ఒకదానిలో ఒకటి వేలాడే వలయాల గురించి ఆయన రాశాడు. ఓడ ఎంత ఊగినా దిక్సూచిని సమంగా ఉంచే వలయాలు అవే. ఆ వలయాలు కూడా ఆయన సొంతం కావు. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో బైజాంటియం నగరపు ఫిలో రాతల్లో అటువంటి వలయాల మధ్య వేలాడే సిరాబుడ్డి ఉంది. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో చైనాలో డింగ్ హువాన్ అనే పనిమంతుడు అలాంటి ధూపపాత్ర చేశాడని చెబుతారు. పైగా కార్డానో వలయాలు వస్తువుని కదలకుండా ఉంచడానికే గాని, ఒక కడ్డీ తిరుగుడుని ఇంకో కడ్డీకి అందించడానికి కాదు. పేరొకరిది, పని ఇంకొకరిది. చరిత్రలో ఇది కొత్తేమీ కాదు.

తిరుగుడుని అందించే కీలు బొమ్మని 1664లో కాస్పర్ షాట్ అనే జర్మన్ జెసూయిట్ పండితుడు తన పుస్తకంలో వేశాడు. మొదటి కడ్డీ ఎంత వేగంగా తిరిగితే రెండోదీ అంతే వేగంగా తిరుగుతుందని ఆయన అనుకున్నాడు. చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. మొదటిది ఒక చుట్టు తిరిగితే రెండోదీ ఒక చుట్టే కదా తిరుగుతుంది! కాని ఆ ఒక్క చుట్టు లోపల ఏం జరుగుతోందో ఆయన చూడలేదు. అది చూసినవాడు రాబర్ట్ హుక్.

హుక్ (1635–1703) లండన్ రాయల్ సొసైటీలో ప్రయోగాలు చేసి చూపే ఉద్యోగి. స్ప్రింగుని ఎంత లాగితే అంత సాగుతుందని మనం స్కూల్లో చదువుకున్న నియమం ఈయనదే. బెరడు ముక్కని సూక్ష్మదర్శినిలో చూసి, ఆ గదులకి "సెల్" అని పేరు పెట్టినవాడూ ఈయనే. న్యూటన్‌తో పడక సగం కీర్తి పోగొట్టుకున్నాడు. 1670లలో ఆయన ధ్యాసంతా ఆకాశం మీద ఉండేది. సూర్యుణ్ణీ నక్షత్రాల్నీ వెంబడించే పరికరాన్ని గడియారం చేత తిప్పించాలంటే ఆ తిరుగుడుని వంపు తిప్పి అందించాలి. దానికి ఆయన ఈ కీలుని వాడాడు. 1676లో వచ్చిన హీలియోస్కోపుల పుస్తకంలో దీన్ని యూనివర్సల్ జాయింటు అన్నాడు. ఆ పేరుతో దొరుకుతున్న మొదటి ప్రస్తావన అదే.

హుక్ కనిపెట్టిన విషయం ఏమిటంటే, ఈ కీలు వంగి ఉన్నప్పుడు మొదటి కడ్డీ సమవేగంతో తిరిగినా రెండోది అలా తిరగదు. కాస్సేపు ముందుకి ఉరుకుతుంది, కాస్సేపు వెనకబడుతుంది. మళ్ళీ ఉరుకుతుంది, మళ్ళీ వెనకబడుతుంది. చుట్టు పూర్తయ్యేసరికి లెక్క సరిపోతుంది. ఒక్క చుట్టులో రెండు ఉరుకులు, రెండు వెనకబాట్లు. ఇంకొకడైతే "పాడు కీలు" అని మూలన పడేసేవాడు. హుక్ మాత్రం ఈ తీరు తనకి బాగా తెలిసిన ఇంకో తీరులా ఉందే అనుకున్నాడు. అది నీడగడియారం.

అన్నవరం కొండ మీద నీడగడియారం చూసినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. సూర్యుడు ఆకాశంలో గంటకి 15 డిగ్రీల చొప్పున సమంగా తిరుగుతాడు. కాని నేలకి సమాంతరంగా పరిచిన పలక మీద నీడ సమంగా జరగదు. మధ్యాహ్నం దగ్గర గంటల గీతలు ఇరుకుగా ఉంటాయి, పొద్దున్నా సాయంత్రమూ వెడల్పుగా ఉంటాయి. లండన్ అక్షాంశంలో నీడ మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా 12 డిగ్రీలు జరిగితే, సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా 19 డిగ్రీలు జరుగుతుంది. అన్నవరం అక్షాంశం సుమారు 17 డిగ్రీలు. అక్కడ అలాంటి పలక మీద మధ్యాహ్నపు గంట నాలుగున్నర డిగ్రీలైతే, సాయంత్రపు గంట 42 డిగ్రీలు! మధ్యాహ్నం నెమ్మది, సాయంత్రం ఆరుకి వేగం. రాత్రి కూడా నీడ పడుతుందనుకుంటే అర్ధరాత్రి నెమ్మది, పొద్దున్న ఆరుకి మళ్ళీ వేగం. రోజుకి రెండుసార్లు.

సరిగ్గా ఈ సూత్రమే కీలుది కూడా. పోలిక కాదు, గణితంలో రెండూ ఒకటే. కీలుని 90 డిగ్రీల్లోంచి అక్షాంశాన్ని తీసేసినంత వంచితే, మొదటి కడ్డీ సూర్యుడవుతుంది, రెండో కడ్డీ నీడ అవుతుంది. లండన్‌కి 38 డిగ్రీల చిల్లర వంపు చాలు. అంటే ఏ లెక్కలూ వెయ్యకుండా, మొదటి కడ్డీని గంటకి 15 డిగ్రీల చొప్పున తిప్పుతూ రెండో కడ్డీ ఎక్కడ ఆగితే అక్కడ గీత గీసుకుంటూ పోతే నీడగడియారం తయారు. (అన్నవరానికైతే 73 డిగ్రీలు వంచాలి. అంత వంపులో మామూలు పంగలు ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. కనక ఈ కిటుకు మన ఊళ్ళకి పనికిరాదు. హుక్ మన అక్షాంశంలో పుట్టి ఉంటే ఈ పోలిక తట్టేదో లేదో!)

నా ఉద్దేశంలో ఈ కథంతటికీ కీలకం ఇక్కడే ఉంది. హుక్ చేతిలో ఆ హెచ్చుతగ్గులు దోషం కాదు, ప్రయోజనం. కీలు నీడలాగ కుంటుతుంది కనకనే ఆయనకి ముద్దొచ్చింది. ఆ కుంటినడకే ఇవాళ మన సీటు కింద జివ్వుమంటోంది. కీలు మారలేదు, దాని చేత చేయించే పని మారింది.

దీనికి విరుగుడు కూడా హుక్కే చెప్పాడు. 1683లో ఆయన రెండు కీళ్ళు వాడమన్నాడు. మధ్య కడ్డీకి రెండు చివర్లా చెరొక కీలు పెట్టి, రెండిటినీ ఒకే వంపులో ఉంచితే, మొదటి కీలు ఉరికించిన దాన్ని రెండోది వెనక్కి లాగుతుంది. చివరి కడ్డీ మళ్ళీ సమంగా తిరుగుతుంది. షరతులు రెండు. మధ్య కడ్డీకి రెండు చివర్లా ఉన్న పంగలు ఒకే తలంలో ఉండాలి. రెండు వంపులూ సమానంగా ఉండాలి. ఈ రెండు షరతుల్నీ గుర్తుపెట్టుకోండి. ట్రక్కు వణుకులో సగం కేసులు వీటిలో ఏదో ఒకటి తప్పడమే. ఇంకో చిన్న మెలిక కూడా ఉంది. చివరి కడ్డీ సమంగా తిరిగినా మధ్య కడ్డీకి మాత్రం విముక్తి లేదు. అది చుట్టుకి రెండుసార్లు ఉరుకుతూ, ఆగుతూనే ఉంటుంది. కనక వంపులు సమానంగా ఉంటే చాలదు, చిన్నవిగా కూడా ఉండాలి. పది డిగ్రీల వంపులో వేగం నూటికి ఒకటిన్నర పాళ్ళు అటూ ఇటూ అవుతుంది. మూడు డిగ్రీల్లో అయితే వెయ్యికి ఒకటిన్నర పాళ్ళు కూడా ఉండదు.

తరవాత రెండు వందల ఏళ్ళ కథ తొందరగా చెప్పేస్తాను. 1841లో ఇంగ్లండులో రాబర్ట్ విల్లిస్, ఆ దశాబ్దంలోనే ఫ్రాన్సులో పోన్స్లే ఈ కదలికని గణితంలో తేల్చేశారు. 1881లో ఎఫ్రాయిమ్ షే అనే అమెరికా కలప వ్యాపారి పేటెంటు తీసుకున్న రైలింజనులో పక్కగా పొడుగాటి షాఫ్టు, దానికి ఇవే కీళ్ళు. అడవుల్లో వంకర పట్టాల మీద దుంగలు మోసిన ఇంజను అది. మోటారు కార్లు వచ్చిన కొత్తలో చాలావాటికి సైకిలులాగ గొలుసులే. బురదా ఇసుకా పడి గొలుసులు అరిగేవి, తెగేవి, చెవులు చిల్లులు పడేలా మోత పెట్టేవి. 1898లో ఫ్రాన్సులో లూయీ రెనో తన మొదటి కారుకి గొలుసు మానేసి షాఫ్టు పెట్టాడు. ఇక్కడ కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న క్లారెన్స్ స్పైసర్ ఆ కీలుని దుమ్ము చొరబడకుండా, గ్రీజు బయటకి పోకుండా తొడుగులో మూసే పద్ధతికి 1903లో పేటెంటు సంపాదించి, మరుసటేడు న్యూ జెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డులో తయారీ మొదలుపెట్టాడు. హుక్ కీలుకి స్పైసర్ కొత్త గణితమేమీ చేర్చలేదు. గ్రీజు నిలిచేట్టు చేశాడు, అంతే. కాని ఆ "అంతే" లేకపోతే ఆ కీలు రోడ్డు మీద ఎంతకాలం మన్నేదో చెప్పలేం. ఈ రోజుకీ ట్రక్కుల కీళ్ళ మీద స్పైసర్ పేరు కనిపిస్తుంది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి ఒక్కటే కీలు, గేర్ల పెట్టె వెనకాల. అక్కణ్ణించి ఇరుసు దాకా షాఫ్టు ఒక లావుపాటి గొట్టం లోపల దాక్కుని ఉండేది. కుంటుని సరిచేసే రెండో కీలు లేదన్నమాట. అయినా వంపు తక్కువ, వేగం తక్కువ. పైగా మట్టి రోడ్ల మీద ఎవరికి ఏ వణుకు తెలుస్తుంది? 1925లో ఇదే బండికి వెనకాల ఇనప తొట్టె బిగించి, 281 డాలర్లకి, ఫోర్డ్ కంపెనీ అమ్మింది. ఫ్యాక్టరీలోనే తయారైన మొదటి పికప్పుగా దాన్నే చెప్పుకుంటారు. షెవ్రొలే అర టన్ను ట్రక్కులకి 1950ల మధ్య దాకా షాఫ్టు ఇలా గొట్టంలోనే ఉండేది. 1955 మోడళ్ళతో అది బయటపడింది. దానితో రెండు చివర్లా రెండు కీళ్ళు, మధ్య ఒంటరి గొట్టం, ఇరుసుని పట్టుకునే భారమంతా స్ప్రింగుల మీద. ఇప్పుడు మనం చూసే అమరిక ఇదే. బరువు తగ్గింది, మరమ్మతు సులువైంది. కాని హుక్ పెట్టిన సమాన వంపుల షరతుని కాపాడే పని స్ప్రింగులకి అప్పజెప్పినట్టయింది. స్ప్రింగులు ముసలివవుతాయి. మనుషులు వాటిని మారుస్తారు.

ఈలోగా ఇంకో పక్క నుంచి ఇంకో చిక్కు. పొడుగాటి కడ్డీ వేగంగా తిరిగితే ఒక దశలో స్కిప్పింగు తాడులాగ మధ్యలో ఉబ్బుతుంది. 1869లో స్కాట్లండు ఇంజనీరు ర్యాంకిన్ ఆ సందిగ్ధ వేగాన్ని లెక్కకట్టి, దాన్ని దాటి ఏ షాఫ్టూ నడవదని తీర్పిచ్చాడు. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే స్వీడన్‌లో డి లావాల్ సన్నటి, వంగే షాఫ్టుతో ఆ వేగాన్ని దాటించి తన ఆవిరి టర్బైనుని నిమిషానికి ముప్ఫై వేల చుట్లు తిప్పాడు. ఎలా సాధ్యమైందో జెఫ్కాట్ 1919లో వివరించాడు. ట్రక్కు షాఫ్టు మాత్రం ఎప్పుడూ ర్యాంకిన్ గీతకి ఇవతలే ఉండాలి. ఆ సందిగ్ధ వేగం పొడుగు వర్గానికి విలోమంగా పడిపోతుంది. పొడుగు రెట్టింపైతే నాలుగో వంతుకి దిగుతుంది. ట్రక్కులో పిల్లలు కూర్చోవడానికి వెనక సీటూ, వాళ్ళకి నాలుగు తలుపులూ, ఆపైన పెద్ద తొట్టే కావాలన్న కొద్దీ షాఫ్టు పొడుగైంది. అందుకని లావుపాటి అల్యూమినియం గొట్టాలు వచ్చాయి. లేదా గొట్టాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో రబ్బరులో కూర్చోబెట్టిన బేరింగు పెట్టారు. రెండు ముక్కలంటే మూడు కీళ్ళు. ఇంకో చోట వణకడానికి అవకాశం. కొన్ని ట్రక్కుల్ని ఒక వేగం దాటనివ్వకుండా కంప్యూటరు ఆపెయ్యడానికి టైర్లతోపాటు ఈ షాఫ్టు కూడా కారణమే.

చరిత్ర తెలిస్తే వైద్యం సులువవుతుందని నేను అనేది ఇందుకే. వణుకు ఎక్కణ్ణించి వస్తోందో తెలుసుకోవడానికి చెవి కంటే లెక్క మేలు. అడగవలసిన ప్రశ్న ఒకటే: ఏది ఒక చుట్టు తిరిగితే ఇది ఎన్నిసార్లు వణుకుతోంది?

ఒక మామూలు ట్రక్కుని తీసుకుందాం. టైరు మైలుకి 660 చుట్లు తిరుగుతుందనుకుందాం. గంటకి అరవై మైళ్ళంటే నిమిషానికి మైలు. అంటే టైరు నిమిషానికి 660 చుట్లు, సెకండుకి 11. వెనక ఇరుసులో పళ్ళచక్రాల నిష్పత్తి 3.73 అయితే షాఫ్టు దానికి 3.73 రెట్లు, సెకండుకి 41 చుట్లు. వణుకు సెకండుకి 11 సార్లయితే టైరో చక్రమో దోషి. సీటు మీద కూర్చుంటే ఊపులా తెలుస్తుంది. 41 సార్లయితే షాఫ్టు బరువులో తూకం తప్పింది. గొట్టానికి సొట్ట పడి ఉండవచ్చు, అతికించిన తూకపు ముక్క ఊడి ఉండవచ్చు, ఒక్కోసారి ఎండిన బురదే కావచ్చు. అది ఊపులా కాక జివ్వుమనే మోతలా ఉంటుంది. తూకం తప్పిన బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కనక ఇది పెద్ద వేగాల జబ్బు. 82 సార్లయితే? చుట్టుకి రెండు. అది హుక్ సంతకం. కీళ్ళ వంపుల్లో తేడా ఉంది, లేదా పంగలు ఒక తలంలో లేవు, లేదా కీలు అరిగి బిగుసుకుంది.

ఇంజనుని అనుమానించాలంటే అదే వేగంలో గేరు మార్చి చూడాలి. బండి వేగం మారకుండా ఇంజను వేగం మారినప్పుడు వణుకూ మారితే ఇంజను వైపు వెతకాలి. మారకపోతే గేర్ల పెట్టెకి వెనక వెతకాలి. ఏక్సిలరేటరు మీద కాలు తీసెయ్యగానే వణుకు మారిందంటే, బలం పడినప్పుడు ఇరుసు ముక్కు పైకి లేచి వంపు మారుతోందని అర్థం. సిగ్నలు దగ్గర కదిలేటప్పటి చలిజ్వరం తరచుగా ఇదే.

మా ఊళ్ళో ఒక మిత్రుడు తన ట్రక్కుని నాలుగంగుళాలు పైకి లేపించాడు. పొలంలోకి వెళ్ళాలిట. లేపిన రోజు నుంచీ యాభై దగ్గర వణుకు. టైర్ల దుకాణం వాళ్ళు మూడుసార్లు బేలన్సు చేశారు. నాలుగోసారి టైర్లే మార్చమన్నారు. ఆయన ఫోనులో కదలికని కొలిచే ప్రోగ్రాము పెట్టుకుని సీటు పట్టాల మీద పెడితే సెకండుకి 65 అని చూపించింది. ఆయన పెద్ద టైర్లు మైలుకి 630 చుట్లు. యాభై మైళ్ళ వేగంలో టైరు సెకండుకి తొమ్మిదికి కాస్త తక్కువ, షాఫ్టు 33కి కాస్త తక్కువ. దాని రెట్టింపు 65. ఇంక టైర్లని నిందించడానికి ఏమీ లేదు. వంపులు కొలిస్తే ముందు కీలుది 7 డిగ్రీలు, వెనక కీలుది 3. నాలుగే కదా తేడా అనుకోకూడదు. ఇక్కడ లెక్క వర్గాలది. 49లోంచి 9 తీస్తే 40, దాని వర్గమూలం 6.3. అంటే విరుగుడు లేని ఒంటి కీలుని 6.3 డిగ్రీలు వంచి నడిపినట్టు. మూడు దాటితేనే కష్టం అంటారు పనివాళ్ళు. ఇరుసుకీ స్ప్రింగుకీ మధ్య చిన్న ఇనప చీలికలు పెట్టి ఇరుసు ముక్కుని తిప్పి, రెండు వంపుల్నీ దగ్గరకి తెచ్చారు. వణుకు దాదాపు పోయింది. దాదాపు అని ఎందుకంటున్నానంటే, పైకి లేపిన బండిలో వంపులు సమానమైనా పెద్దవే. మధ్య గొట్టం కుంటు దానికి ఉండనే ఉంది.

ఇప్పుడు ఫోను చేసిన పని ఇంతకు ముందు సులువు కాదు. పాతకాలపు మెకానిక్కులకి సుద్దముక్కే సాధనం. బండిని స్టాండ్ల మీద ఎక్కించి, తిరుగుతున్న షాఫ్టుకి సుద్దని తగిలీ తగలనట్టు చూపిస్తే, ఎత్తుగా ఉన్న వైపే గీత పడుతుంది. దాన్నిబట్టి బరువు ఎటు ఉందో ఊహించి, ఎదర వైపు రేడియేటరు గొట్టాలకి బిగించే రెండు క్లిప్పుల్ని తొడిగేవారు. క్లిప్పు మర తలే తూకపు రాయి. రెండు తలల్నీ ఒకదాని నుంచి ఒకటి కొంచెం కొంచెం దూరం జరుపుతూ, ప్రతిసారీ నడిపి చూస్తూ, వణుకు సద్దుమణిగిన చోట వదిలేసేవారు. తయారీ కంపెనీల మరమ్మతు పుస్తకాల్లోకీ ఎక్కిన పద్ధతి ఇది. (తిరుగుతున్న షాఫ్టు దగ్గరకి చొక్కా చేతులు వేలాడేసుకుని వెళ్ళి ఇంట్లో ప్రయత్నించవద్దు. అది వేలు అడగదు, చెయ్యి అడుగుతుంది.) లెక్కపెట్టడానికి రీడు టాకోమీటరు ఉండేది. హార్మోనియం మెట్ల కింద రీడుల్లాగ వేరువేరు పొడుగుల ఉక్కు నాలుకలు వరసగా ఉంటాయి. బండి ఏ తరచుదనంతో వణికితే ఆ నాలుకే ఊగుతుంది. 1990లలో దాని స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరం డీలర్ల దగ్గరకి వచ్చింది. ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉంది. అయినా టైర్ల దుకాణంలో ఆ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. ఎందుకంటే వాళ్ళ దగ్గర ఉన్నది టైర్లు బేలన్సు చేసే యంత్రం.

ఇది సుఖానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. అరిగిన కీలు మొదట గేరు వేసినప్పుడు "టక్" మంటుంది, తరవాత కిచకిచలాడుతుంది, ఆ తరవాత వణుకుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే విరుగుతుంది. ముందు కీలు విరిగితే ఆ గొట్టం ముందు కొస రోడ్డు మీదకి దిగుతుంది. అందుకే కొన్ని బళ్ళకి దాని కింద ఇనప పట్టీ ఉంటుంది.

మరి కుంటని కీలు లేదా అని అడగవచ్చు. ఉంది. 1926లో ఫ్రాన్సులో ఫెనాయ్, గ్రెగ్వార్ అనే ఇద్దరు ఒక రకం చేశారు. ఆ రోజుల్లోనే ఫోర్డ్‌లో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ ఝెప్పా ఆరు ఉక్కు గోళీలతో ఇంకో రకం చేశాడు. గోళీలు ఎప్పుడూ వంపుకి సరిగ్గా మధ్య తలంలోనే ఉంటాయి కనక రెండు కడ్డీలూ సమానంగా తిరుగుతాయి. ముందు చక్రాలు తిప్పే కార్లన్నీ ఈ కుటుంబం కీళ్ళ మీదే నడుస్తున్నాయి. అయినా పికప్పు వెనక షాఫ్టుకి చాలాకాలం హుక్ కీలే దిక్కయింది. చవక, మొండి, గ్రీజు కొడితే బతుకుతుంది, చిన్న వంపులో పెద్ద బరువు లాగుతుంది. విరిగితే ఏ పల్లెటూరి దుకాణంలోనైనా దొరుకుతుంది. ఇంజనీర్లకి తెలియక కాదు, లెక్క చూసుకునే దాన్ని ఉంచారు.

2021, 2022లలో అమ్మకానికి వచ్చిన రివియన్, ఫోర్డ్ లైట్నింగ్ లాంటి విద్యుత్ పికప్పుల్లో ఈ పొడుగాటి గొట్టమే లేదు. మోటారు ఇరుసు దగ్గరే ఉంటుంది. హుక్ కీలు ట్రక్కు కింద నుంచి తప్పుకుందన్నమాట. కాని మోటారు నుంచి చక్రానికి పొట్టి కడ్డీలు ఉండాలి, వాటికి కీళ్ళూ ఉండాలి. ఇటువంటి కడ్డీలకి లోపలి కొసన ఎక్కువగా వాడేది మూడు కాళ్ళ కీలు. అది సమవేగంతోనే తిరుగుతుంది, కుంటదు. అయితే వంపు ఎక్కువై, బలం గట్టిగా పడినప్పుడు ఆ మూడు కాళ్ళూ వంతులవారీగా కడ్డీని పక్కకి తోస్తాయి. ఆగిన చోటు నుంచి ఒక్కసారిగా దూకించేటప్పుడు కొన్ని విద్యుత్ బళ్ళు పక్కపక్కలకి వణికితే చాలాసార్లు కారణం అదే. అప్పుడు లెక్కపెట్టి చూడండి. కడ్డీ చుట్టుకి మూడుసార్లు వస్తుంది.